పచ్చగడ్డి మొలిచిన పదిహేను రోజులు

నేను పశువుల డాక్టర్ని కాను, కాంపౌండర్ని. ఝరాసంగం అవతలి పల్లెల్లో ఆ తేడా ఎవరూ పట్టించుకునేవారు కాదు. చేతిలో సూది ఉన్నవాడు ఎవడైనా వాళ్లకు డాక్టర్ సాబే. ఎనభైల మొదట్లో, నాకు పాతికేళ్లు నిండకముందే, ఆ పల్లెల్లో ఒకదానికి నన్ను వేశారు. పంచాయతీవాళ్లు ఇచ్చిన ఒక గది, అందులో ఒక చెక్క బీరువా, పశువును కదలకుండా నిలబెట్టడానికి బయట పాతిన నాలుగు కర్రలు. అదే దవాఖాన. మందులు కావాలంటే సైకిల్ మీద ఝరాసంగం, అక్కడ బస్సెక్కి జహీరాబాద్ పోవాలి.

నేను పోయిన ఏడే అక్కడ వానలు తప్పాయి. మరుసటి ఏడూ అంతే. రెండో ఎండాకాలం వచ్చేసరికి ఊళ్లో సగం కొట్టాలు ఖాళీ. పాలిచ్చే బర్రెలను కూడా అంగడికి తోలుకుపోయి వదిలించుకున్నారు. ఎడ్లను మాత్రం ఎట్లాగో నిలబెట్టుకున్నారు, వాన పడితే దున్నాలి కదా. ఇంటి కప్పు మీది గడ్డి పీకి ఎడ్లకు వేసిన ఇళ్లు నేను చూశాను.

ఆ ఊరి చివర, వాగు దిక్కున, ఒక గొర్ల కాపరి ఉండేవాడు. కురుమాయన. నలభై దాటిన మనిషి, పొడవు, మాట తక్కువ. ఆయనా, భార్యా, నలభై ఒక్క జీవాలు. ఉన్న ఒక్క కూతురు బీదర్ దిక్కు అత్తగారింట్లో ఉండేది. సెంటు భూమి లేదు. ఏటా విత్తనాలకు ముందు రైతులు ఆయన్ను పిలిచి తమ చేలల్లో మంద పెట్టించుకునేవాళ్లు. నాలుగు దినాలు గొర్లు పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకు ఇన్ని జొన్నలు పోసేవాళ్లు. అదీ ఆయన బతుకు.

కరువులో గొర్లు, మేకలు ఉన్నవాళ్లు చాలామంది అమ్మేశారు. ఈయన అమ్మలేదు. మందను తోలుకుని మంజీర దిక్కు పోయాడు. అక్కడా గడ్డి లేకపోతే తిరిగొచ్చాడు. తుమ్మకాయలు ఏరాడు, చెట్టెక్కి కొమ్మలు నరికాడు, చెట్టు మీంచి పడి భుజం వాచినా మళ్లీ ఎక్కాడు. నడి ఎండాకాలంలో ఒకసారి వాళ్లింటికి పోయాను. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని అంబలి తాగుతున్నారు. ఒక సూడి గొర్రె వచ్చి ఆమె ముంత దగ్గర మూతి పెట్టింది. ఆమె తన ముంతలోది సగం ఒక చిప్పలో దానికి పోసింది. నేను చూస్తున్నానని సిగ్గుపడి, "కడుపుతోనున్నది సారూ. నాకంటే దానికే ఆకలెక్కువ" అంది.

అట్లా రెండేళ్ల కరువులో ఆయన పోగొట్టుకున్నవి మూడే జీవాలు. మిగిలిన ముప్పై ఎనిమిదిని వానాకాలం గడప దాకా ప్రాణాలతో తెచ్చాడు. చుట్టుపక్కల పల్లెల్లో అంత మంద నిలిచిన మనిషి ఇంకొకడు లేడు.

ఎండాకాలం చివర్లో జహీరాబాద్‌లో మా పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి గట్టిగా చెప్పారు. "వానలు పడకముందే గొర్లన్నిటికీ చిటుక రోగం టీకా వేసెయ్యి. కరువు తర్వాత వచ్చే పచ్చిక మామూలు పచ్చిక కాదు. ఆకలి మీదున్న జీవాలు దాని మీద పడి మేస్తాయి. కడుపులో విషం పుడుతుంది. మందు వేసే టైం కూడా ఉండదు."

ఆ రోగానికి ఆ పేరు ఊరికే రాలేదు. చిటికె వేసినంతలో జీవం పోతుంది. అదీ ఎండిపోయిన దానికి రాదు, బాగా మేసిన దానికి, బలమైన దానికి ముందు వస్తుంది. టీకా ఒక్కటే దారి. అది వేశాక కూడా పని చేయడానికి పదిహేను రోజులు పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. చదువుకున్నాను, పరీక్ష రాశాను.

సరేనని తలూపి వచ్చిన మూడో రోజు నాకు కార్డు వచ్చింది. పుట్టింట్లో ఉన్న నా భార్యకు కాన్పయింది, ఆడపిల్ల అని. మొదటి బిడ్డ. నాలుగు రోజులు సెలవు పెట్టి వరంగల్ దిక్కు బస్సెక్కాను. నాలుగు రోజులని పోయినవాణ్ణి పన్నెండు రోజులు ఉండిపోయాను. రెండేళ్లుగా రాని వాన ఈ పది రోజుల్లో వస్తుందా అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం అక్కడ వాన మొదలైంది. నేను అత్తగారి అరుగు మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని వాన చూస్తూ కూర్చున్నాను. చాలా సంతోషంగా ఉన్నాను. ఆ వాన ఝరాసంగం మీద కూడా పడుతుందని, అక్కడ గడ్డి మొలుస్తుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను నమ్మలేనిది అదే.

తిరిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి చూశాను. పోయేటప్పుడు ఎర్రగా, బోడిగా వదిలి పోయిన నేల ఇప్పుడు కంటికి ఆనినంత మేర పచ్చగా ఉంది. బస్సులో అందరూ దాన్ని చూసి మురిసిపోతున్నారు. నాకు అప్పుడు టీకా గుర్తొచ్చింది.

కాపరి భార్య నా గది ముందు కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ కూర్చుందట. నన్ను చూసి లేచింది కానీ దగ్గరికి రాలేదు.

"ఆరు పోయినయి సారూ" అంది. "మంచిగ మేసినయి. మంచిగనే ఉన్నయి. నిలవడ్డకాడనే ఎగిరి పడుతున్నయి."

సంచీ అక్కడే పడేసి ఆమెతో పరుగెత్తాను. వాగు ఒడ్డున పచ్చిక మోకాలి కింది దాకా పెరిగింది. కాపరి మందను అదిలించి ఇంటి దిక్కు మళ్లించాలని చూస్తున్నాడు. అవి రావడం లేదు. రెండేళ్లు తుమ్మ ముళ్లు నమిలిన నోళ్లు, వాటిని ఆ గడ్డి లోంచి ఎవరు లాగగలరు? మేం చూస్తుండగానే మందలో పెద్ద పొట్టేలు తల పైకెత్తింది. ఎవరో పిలిచినట్టు నిలబడింది. ఒక్కసారి గాల్లోకి ఎగిరి పక్కకు పడింది. మెడ వెనక్కి విరుచుకుంది, నాలుగు కాళ్లూ గాలిని తన్నాయి, నోట్లో నురగ. ఆయన పరుగెత్తుకొచ్చి దాని తల ఒళ్లో పెట్టుకునేసరికి అయిపోయింది. పంటి సందున ఇంకా పచ్చి గడ్డి ఉంది.

ఆయన నావైపు చూడలేదు. "దేవునికి మొక్కిన పొట్టేలు" అన్నాడు, అంతే.

నేను అదే పూట జహీరాబాద్ పోయాను. పెద్ద డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు. టీకా సీసాలు తీసి ఇస్తూ, "నేను చెప్పింది గుర్తుందిగా, పదిహేను రోజులు. అప్పటిదాకా పచ్చిక ముట్టకూడదు. ఎండుమేత మీద ఉంచు" అన్నారు. ఐసు కొని, ఫ్లాస్కులో సీసాలు సర్దుకుని, తెల్లారేసరికి తిరిగొచ్చి మిగిలిన ముప్పై ఒక్క జీవాలకూ సూదులు వేశాను. కాపరి ఒక్కొక్కదాన్ని పట్టుకున్నాడు, ఆయన భార్య ఒక్కొక్కదాని ముఖం నిమిరింది.

"పదిహేను దినాలు దొడ్లోనే ఉంచాలి, అన్నా. పచ్చగడ్డి ఒక్క పోచ కూడా పెట్టొద్దు. ఎండుదే వెయ్యాలి" అన్నాను.

ఆయన దొడ్డి కంచె మీద చెయ్యి పెట్టి, నాలుగు దిక్కులా ఉన్న పచ్చదనం చూశాడు. "ఎండుది ఏడున్నది సారూ?"

నిజమే. ఊరంతటికీ ఎండుగడ్డి కరువు. జొన్నచొప్ప ఏ ఇంట్లోనైనా ఉంటే అది ఎడ్ల కోసం దాచుకున్న నాలుగు కట్టలు. మా చుట్టూ ఉన్నదంతా పచ్చనిదే, అదంతా విషమే.

మరునాటికి ఐదు జీవాలు చచ్చాయి. విషం అప్పటికే వాటి కడుపులో ఉంది, టీకా ఒక్క రోజులో ఆపలేదు. కానీ ఊరు చూసింది వేరు. సూది వేసిన మరునాడు చచ్చాయి. "సూదేసి సంపిండు" అన్నారు కొందరు. ఎక్కువమంది అన్నది ఇంకొకటి. ఆ పెద్ద పొట్టేలును కాపరి కరువుకు ముందే మల్లన్నకు మొక్కుకున్నాడు. కరువు ముదిరాక, మందకు మగజీవం అదొక్కటే మిగిలిందని, వానలు పడ్డాక ఇస్తానని ఆపాడు. దేవుడు తనది తానే తీసుకున్నాడు, ఇప్పుడు వడ్డీ కూడా తీసుకుంటున్నాడు అన్నారు.

నేనూ, కాపరి భార్యా ఇల్లిల్లూ తిరిగాం. ఆమె నెత్తిన ఖాళీ గంప. మొదటి ఇంటాయన మర్యాదగానే, "ఎడ్లకే సాలుతలేదు సారూ, ఏమనుకోకు" అన్నాడు. అది నిజం కూడా. రెండో ఇంట్లో నవ్వారు. "పచ్చగడ్డి తింటె సస్తయా? మరి మా ఎడ్లెందుకు సస్తలేవు? ఏం డాక్టర్ సాబువయ్యా నువ్వు?" మూడో ఇంట్లో తలుపు తీయలేదు. లోపల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. పన్నెండిళ్లు తిరిగితే గంపలో పడింది గుప్పెడు కందిపొట్టు.

చివరి ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. ఒక మేక, ఒక చింతచెట్టు, అదే ఆమె ఆస్తి. కాపరి భార్య గడపలో నిలబడి అడగలేక ఏడ్చేసింది. ముసలామె ఆమెను చూడకుండా నాతో మెల్లగా చెప్పింది.

"ఇయ్యొద్దని సెప్పిన్రు కొడుకా. దేవుని కోపం తగిలినోనికి చెయ్యందిస్తె ఆ కోపం మనింటికొస్తదంట. నాకు ఉన్నది గీ ఒక్క మేక. నేనేం జెయ్యాలె?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరో ఒకరు సెప్తె కాదు. అందరు అనుకుంటున్నరు."

ఆ గుప్పెడు పొట్టుతోనే వెనక్కి వచ్చాం.

మూడో రోజు కాపరి భార్య జహీరాబాద్‌కు కబురు పెట్టి కసాయిని పిలిపించింది. ఏళ్ల తరబడి వీళ్ల దగ్గర పొట్టేళ్లు కొనే మనిషి, ముస్లిం. సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. కాపరి ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆమే దొడ్డి తలుపు తీసింది. "భాయ్, మిగిలినవన్ని తీస్కపో. ఎంతకైతె అంతకు. కండ్ల ముందర సావద్దు, గంతే."

కసాయి దొడ్లోకి పోయి ఒక గొర్రె కనురెప్ప ఎత్తి చూశాడు, ఇంకొకదాని కడుపు తడిమాడు. బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. "బీమార్ జీవాన్ని నేను కొయ్యనమ్మా. తిన్నోళ్లకేమన్న అయితె నేను ఖుదాకేం జవాబు చెప్పాలె? నన్ను మాఫ్ చెయ్యి." సైకిలెక్కి పోయాడు. ఆమె దొడ్డి తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎవరికీ ఇవ్వడానికి కూడా వీలులేని ఆస్తి ఆ దొడ్లో అరుస్తోంది.

ఆ అరుపులు చెప్పాలి. ఇరవై ఆరు జీవాలు ఆకలితో అరుస్తుంటే, వాగు గాలి పచ్చిక వాసన మోసుకొస్తోంది. వాసన తగిలినప్పుడల్లా అన్నీ ఒక్కసారిగా కంచె మీద పడుతున్నాయి. గోడ మట్టి నాకాయి. ఒకదాని బొచ్చు ఒకటి పీక్కుతిన్నాయి. నేను నరికి తెచ్చిన నాలుగు వేపకొమ్మలు నిమిషంలో బెరడుతో సహా మాయమయ్యాయి. చెట్లకు మాత్రం ఏముంది? కరువులో కాపరే అన్నిటినీ బోడి చేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను పోయేసరికి కాపరి దొడ్డి తలుపు కట్లు విప్పుతున్నాడు. నేను పరుగెత్తి తలుపు అడ్డం పట్టుకున్నాను.

"ఇడువు సారూ."

"అన్నా, ఇంకో పదకొండు రోజులు..."

"ఆకలితోని సచ్చుడు కన్న తిని సచ్చుడు నయం. రెండేండ్లు కడుపు మాడ్చిన వాటిని. ఇగ నాతోని కాదు. ఇడువు. అవి తినని. తిన్నంక అవి ఏడికి పోతే నేను గాడికే పోత."

ఆ చివరి మాటకు వెనక నుంచి ఆమె కేక వేసి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఆయనకు బలం లేదు, మూడు రోజులుగా తిండి తినలేదు. తలుపుకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "నేనేం పాపం జేసిన?" అన్నాడు. "పొట్టేలు ఇయ్యకుంటె తప్పే. కని అన్నిటిని తీస్కుంటడా?"

నాకు ఇక నోరు ఆగలేదు. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అన్నా, దేవుడు కాదు. నేను. వానలకు ముందే ఈ టీకా వెయ్యమని నాకు చెప్పారు. పదిహేను రోజుల ముందే వేసి ఉంటే ఒక్కటి కూడా పోయేది కాదు. నేను నాలుగు రోజులని పోయి మా అత్తగారింట్లో పన్నెండు రోజులు కూర్చున్నాను. బిడ్డ పుట్టిందని."

ముందు ఆమె తేరుకుంది. "మా జీవాలు ఎగిరెగిరి పడి సస్తుంటె నువ్వాడ బిడ్డను ఆడిస్తున్నవా? పెండ్లాం పక్కన కూసున్నవా? నీ ఇల్లు పాడుగాను!" చేతికందిన మట్టి తీసి నా మీద పోసింది. ఇంకా పోసింది. నేను కదల్లేదు. అట్లా పోస్తే నాకు కొంత నయంగా ఉంది.

ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "బిడ్డ మంచిగున్నదా?"

ఆయన బిడ్డ సంగతి అడగకుండా నన్ను కొట్టినా బాగుండేది.

మరునాడు పొద్దున చావడి దగ్గర పెద్దమనుషులు కూర్చునే వేళకు పోయాను. రాత్రంతా ఆలోచించాను, ఈ మాట ఊరికి చెప్తే నౌకరీ పోవచ్చు, ఇంట్లో నెల కూడా నిండని పసిబిడ్డ. పోయే దారిలో రెండుసార్లు ఆగాను. కానీ తలుపు కట్లు విప్పుతున్న ఆయన చేతులు కళ్లముందు నుంచి పోలేదు.

ఊరి పెద్దగా నడిచే ఆసామి అక్కడే ఉన్నాడు, ఇంకో పది పదిహేనుమంది ఉన్నారు. నిలబడి మొత్తం చెప్పాను. కాపరికి చెప్పినట్టే, ఏదీ దాచకుండా. "మల్లన్న కోపం కాదు, నా నిర్లక్ష్యం. చెయ్యందిస్తే మీకేమీ కాదు. మీ చేలల్లో ఆయన మంద పడుకోని చేను ఒక్కటి చూపించండి. పది రోజులకు ఎండుమేత ఇవ్వండి. ఆయన కోసం అడుగుతున్నా."

ఒకాయన లేచి నా అంగీ పట్టుకున్నాడు. "మా మేకలు కూడ రెండు సచ్చినయి. గది కూడ నీ వల్లనేనా?" నేను అవునన్నాను. ఆయన వదిలేశాడు, కొట్టలేదు. అవునంటానని అనుకోలేదేమో.

పెద్దాసామి నా ముఖం చూశాడు. "గిదంత కాయితం మీద రాసిస్తవా?"

"రాసిస్తాను."

"మీ ఆఫీసుకు పంపుత. తెలుసు కదా?"

"పంపండి."

అక్కడే అరుగు మీద కూర్చుని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేత ఇస్తానని ఎవరూ అనలేదు. ఇక నేను చేయగలిగింది లేదనిపించి వెనక్కి తిరిగాను.

నేను కాపరి ఇంటికి చేరేసరికి ముసలామె నాకంటే ముందు అక్కడ ఉంది. చంకలో ఒక జొన్నచొప్ప కట్ట. చావడి నుంచి పోతూ ఎవరో ఆమె చింతచెట్టు కింద ఆగి ఈ వార్త చెప్పారట. కట్టను కంచె మీదుగా లోపల వేసి, "దేవుని కోపం కాదని డాక్టరే అన్నడు కద" అంది కాపరి భార్యతో. ఆ పూటకు ఇంకా నలుగురు వచ్చారు. నా అంగీ పట్టుకున్నాయన సగం బస్తా కందిపొట్టు తెచ్చి నా ముందు పడేసి పోయాడు. సాయంత్రానికి పెద్దాసామి జీతగాడు ఒక మోపు తెచ్చాడు.

అందరూ ఇవ్వలేదు. సూదే చంపిందని నమ్మినవాళ్లు చివరిదాకా అదే నమ్మారు. మొక్కు మాట కూడా పూర్తిగా పోలేదు. వచ్చిన మేత లెక్కవేస్తే ఆరు రోజులకు మించి రాదు. మిగిలిన రోజులకు ఊరి ఆడవాళ్లు కొందరు కూలికి పోయి వచ్చే దారిలో ముదురు తుమ్మకొమ్మలు, రేగుకొమ్మలు నరుక్కొచ్చారు. ఒక మనిషి కోహీర్ దాకా పోయి చుట్టాలింటి నుంచి బండి మీద ఎండిన చెరుకాకు తెచ్చాడు. గొర్లు దాన్ని తినలేక తిన్నాయి. రోజుకు ఒక్క పూట, పిడికెడు పిడికెడు. ఆ పది రోజులూ ఆకలి తగ్గలేదు, అరుపులు తగ్గలేదు. కాపరి మాత్రం లేచాడు. మేత పంచడం తప్ప వేరే ఏమీ చేయలేదు, కానీ లేచాడు.

ఏడో రోజు కంచె తెంచుకుని రెండు పోయాయి. వాగు దాకా పోయి వెతికితే పచ్చిక మధ్యలో పక్కపక్కనే పడి ఉన్నాయి. తర్వాత ఆకలితో, నీరసంతో ఇంకో ఐదు. వాటిలో అంబలి తాగిన సూడి గొర్రె కూడా ఉంది. దాన్ని పూడ్చిన పూట కాపరి భార్య నన్ను దొడ్డి దగ్గరికి రానివ్వలేదు.

పదిహేనో రోజు పొద్దున పది గంటలు దాటాక, ముందు కడుపుకు ఇంత చొప్ప వేసి, దొడ్డి తలుపు తీశాం. మేత ఇచ్చినవాళ్లలో కొందరు వచ్చి నిలబడ్డారు. పందొమ్మిది జీవాలు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పచ్చికలో దిగి తల వంచాయి. గడ్డి తెగుతున్న చప్పుడొక్కటే. ఏ జీవమైనా తల ఎత్తితే నేను ఒక అడుగు ముందుకేసేవాణ్ణి. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఒక్కొక్కదాన్నీ వేరుగా చూస్తున్నాడు. అర్ధగంట తర్వాత మళ్లీ లోపలికి తోలాం. ఆ రోజు ఏదీ పడలేదు. మరునాడూ పడలేదు. మూడో రోజు ఆయన నాతో, "ఇగ పడయి" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను కానీ సంతోషమేమీ లేదు. ముప్పై ఎనిమిదిలో సగం వాగు ఒడ్డున మట్టి కింద ఉన్నాయి.

ఇంకో నెలకు కసాయి మళ్లీ వచ్చాడు, ఈసారి రెండు ఆడగొర్లను తోలుకుని. అంగట్లో కొన్నవాటిలో ఇవి సూడివని తర్వాత తెలిసిందట. "కడుపుతోనున్న దాన్ని కొయ్యబుద్ధి గాదు. పాలుకు పెట్టుకో. పిల్లల్ల సగం నీయి, సగం నాయి" అన్నాడు. దానం అనలేదు. దానమంటే కాపరి తీసుకునేవాడు కాదని ఆయనకు తెలుసు. పొట్టేలును మాత్రం పక్క ఊరి కురుమలు ఒక సీజనుకు ఇచ్చారు. ఆ ఏడు వర్షాలు బాగానే పడ్డాయి. అయినా ఆ మందతో ఇల్లు గడవక భార్యాభర్తలు వంతులవారీగా చెరుకు కోతకు పోయారు. ఊళ్లో ఆయన్ను మళ్లీ మంద పెట్టమని పిలిచింది ఇద్దరో ముగ్గురో. పందొమ్మిది జీవాలు ఏ చేనుకు సరిపోతాయి?

నా కాయితం ఆఫీసుకు చేరింది. విచారణకు పిలిచారు, మెమో ఇచ్చారు, నౌకరీ మాత్రం మిగిల్చారు. ఆ చలికాలంలోనే బదిలీ వచ్చింది. పోయే ముందు రోజు కాపరి ఇంటికి పోయాను. ఆయన లేడు, మందతో పోయాడు. ఆమె ఉంది. కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయింది.

ఎనభైల చివర్లో ఏదో పని మీద జహీరాబాద్ వచ్చి, అంగడి రోజు కావడంతో జీవాలు అమ్మే దిక్కు నడిచాను. వాళ్లిద్దరూ అక్కడున్నారు. ఆరేడు పొట్టేలుపిల్లలను తాడుకు కట్టి నిలబెట్టారు. ఆయన ముందు నన్ను చూశాడు. బాగా ముసలివాడయ్యాడు, వాచిన ఆ భుజం కిందికి జారి ఉంది. దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్ల అందరు మంచిగున్నరా అన్నాడు. మంద ఎంతైందన్నా అని అడిగితే, ముప్పైకి ఎప్పుడూ ఎక్కలేదని, ఎక్కబోయినప్పుడల్లా ఏదో ఒకటి వస్తుందని చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు.

ఆమె తాడు పట్టుకుని పక్కకు తిరిగి నిలబడింది. నేనే దగ్గరికి పోయి, "బాగున్నావా అక్కా" అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో ఏదీ తగ్గలేదు.

"ఇప్పుడన్న వానలకు ముందుగాల సూదులేస్తున్నవా?"

"వేస్తున్నానక్కా. రోహిణి కార్తెలోనే అయిపోతుంది."

"ఎయ్యి" అంది. అంతలో ఎవరో బేరానికి వచ్చి ఒక పిల్ల నడుము పట్టి చూస్తుంటే, ఆమె అటు తిరిగి, "గట్ల నొక్కకు, దానికి నొస్తది" అని వాడి చెయ్యి తీసేసింది.